గోడకు వ్రేలాడు గిటారు

తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో పదవ తరగతి ముగించిన పిల్లవాడు గిటారు కావలెనని పట్టుబట్టును. తండ్రి తొలుత కసరును, తల్లి నచ్చజెప్పును, కడకు గుంటూరికో విజయవాడకో పోయి, అంగడివాడు చూపిన వానిలో మెరుగెక్కువగల దానిని కొని తెత్తురు. నెల తిరుగకముందే ఆ వాద్యము గోడమేకున కెక్కును. ‘వీనికి సంగీతము రాదు’ అని యింటిల్లిపాదియు తీర్పు చెప్పుదురు. ఆ తీర్పును పిల్లవాడు కూడ నమ్మును. విచారింపదగిన దిదియే. ఇట్టి సందర్భములలో పెక్కుసారులు తప్పు వ్రేళ్లది కాదు, కొయ్యది.

వీణ నెరిగిన తెలుగువారికి గిటారు మెట్లు వింత కావు. వీణకువలెనే దీనికిని పండ్రెండవ మెట్టున తారస్థాయి షడ్జమము పలుకును. అయితే తీగకును మెట్టునకును నడుమ ఎడమెంత యున్నదో కొనువారు చూడరు, రంగు చూతురు. పండ్రెండవ మెట్టువద్ద ఉక్కుతీగ రెండు మూడు మిల్లీమీటర్ల యెత్తున నున్నచో నొక్కుట సుకరము. చవుకరకము వాద్యములలో అది అంతకు ఇబ్బడిగా లేచియుండుటయు కలదు. అట్టి తీగను నొక్కబోయిన లేతవ్రేళ్లు కమిలిపోవును. స్వరము మాత్రము పలుకదు. మొదటి వారములలో వ్రేలికొనలు నొచ్చుట సహజమే, క్రమముగా చర్మము గట్టిపడును. కాని ఓర్చుకొనదగిన నొప్పి వేరు, వాద్యదోషమువలన కలుగు నొప్పి వేరు. ఈ భేదమును పిల్లవానికి చెప్పువారు లేరు.

అందుచేత తొలి గిటారునకు నైలాను తీగలది మేలు. అందు సన్నని తీగలు మూడును నైలానువి. తక్కిన మూడింటికి లోహపుచుట్టు ఉండును. బిగువు తక్కువ, వ్రేలికి మెత్తన. దండి కొంత వెడల్పు గనుక చిన్నచేతుల వారికి ముప్పాతిక పరిమాణముగల దానిని తీసికొనవలెను. ధ్వని పెద్దగా వినిపించునని దానికి ఉక్కుతీగలు బిగించువారు కలరు. అది కూడని పని. ఆ లాగుడునకు తీగలను మోయు గుర్రము పెట్టెనుండి ఊడి వచ్చును. అంగడిలో ప్రతి తీగను ప్రతి మెట్టుమీదను నొక్కి మీటి, గరగర లేకుండుట చూచుకొనవలెను. పండ్రెండవ మెట్టుపై తీగను తేలికగా తాకి మీటిన స్వరమును, అచ్చటనే నొక్కి మీటిన స్వరమును ఒక్కటి కావలెను. కానిచో శ్రుతి యెన్నటికిని కుదురదు. ఈ పరీక్షకు గిటారు విద్వాంసుడు అక్కరలేదు. ఊరి నాదస్వర విద్వాంసుడైనను, భజనలో శ్రుతి తప్పని పెద్దమనిషియైనను చాలును.

పరదేశి వాద్యము మనకేలయని అడుగు పెద్దలు ఇంకను కలరు. ఈ ప్రశ్న తెనాలి ప్రాంతమున పుట్టుటయే చిత్రము. బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు తెనాలి శ్రీరామ విలాస సభలో స్త్రీ పాత్రలు ధరించి ఆంధ్రదేశమును మురిపించిన నాటకరంగమునకు హార్మోనియమే ప్రాణము. అది ఐరోపానుండి వచ్చిన పెట్టె. ఆకాశవాణి 1940లో దానిని వెలివేసి 1971 వరకు తలుపు తెరువకున్నను, పద్యనాటకము దానిని విడువలేదు. ఫిడేలు మాత్రము పడమటిది కాదా? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని కర్ణాటక సంగీతమునకు అలవరచిన ఆద్యులలో నొకరు. 1893లో స్పెయిను దేశమున గిటారు విద్వాంసుడు సెగోవియా పుట్టినాడు. ఆ యేటనే ఫిడేలు విద్వాంసులు ద్వారం వేంకటస్వామినాయుడుగారును పుట్టిరి. ఎవరి వాద్యము ఎవరిదో తేల్చుట కాలమునకే చేతకాలేదు.

సముద్రపుగాలి మాట వేరు. 2022లో బాపట్ల జిల్లా యేర్పడి రేపల్లె అందు చేరగా, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. గాలికి ఆ సరిహద్దు తెలియదు. సూర్యలంక తీరమునుండి వచ్చు తేమకు ఉక్కుతీగ త్రుప్పు పట్టును, కొయ్య ఉబ్బును. వాయించిన పిమ్మట పొడిగుడ్డతో తీగలను తుడిచి, సంచిలో పెట్టి, వానజల్లు తగులు గోడకు దూరముగా ఉంచిన చాలును.

ఇక నేర్పువారెవరు? దృశ్యపాఠములు చేతిలోని ఫోనులోనే యున్నవి. వానిలో పెక్కు నాలుగైదు తీగలను ఒక్కమారు మోగించు ‘కార్డు’లతో మొదలిడును. అది వారి సంగీతమునకు తగిన క్రమము. తెలుగు పిల్లవానికి ఒక్క తీగతో మొదలిడుట సుళువు. వట్టితీగ షడ్జమము, ఒకటవ, నాలుగవ, ఐదవ, ఏడవ, ఎనిమిదవ, పదునొకండవ, పండ్రెండవ మెట్లను వరుసగా నొక్కిన మాయామాళవగౌళ పలుకును. సరళీవరుసలకు ఇంతకంటె కావలసినదేమి? చెవి యెరిగిన స్వరమును వ్రేలు వెదకుకొనును. దినమునకు ఇరువది నిమిషములు, విడువక.

గురువునకు గిటారు రాకున్నను పాఠము జరుగును. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేండ్ల ప్రాయమున తండ్రి మాండలిన్ చేతబట్టినాడు. అదియు పరదేశి వాద్యమే. అతనికి సంగీతము నేర్పిన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించుట రాదు. ఆయన పాడిరి, బాలుడు విని తీగమీద పలికించినాడు. 1978లో గుడివాడ త్యాగరాజోత్సవమున తొలి కచేరి చేయునాటికి వాని వయస్సు తొమ్మిదేండ్లు. పిమ్మట ఆంగ్ల గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ సరసన కూర్చుండి దేశదేశముల వాయించినాడు. ఆ మెక్‌లాఫ్లిన్ వీణ నేర్చినవాడు. గమకము పలుకుటకై తన గిటారు మెట్లనడుమ కొయ్యను గుంటలుగా తొలిపించుకొన్నవాడు.

అందరు పిల్లలును శ్రీనివాసులు కారు, కానక్కరలేదు. తెనాలినుండి రేపల్లెకు పోవు బండి దారిలోని పల్లెలలో గిటారు గురువు దొరకడు. కాని పద్యమును రాగయుక్తముగా చదువు తెలుగు పండితుడు ఏదో యొక పాఠశాలలో ఉండును. గోడమీది గిటారును దింపించి, గుర్రముమీది పట్టీని నేర్పరిచేత కొంచెము అరుగదీయించి, క్రొత్త తీగలు వేయించుటకు క్రొత్త వాద్యము వెల కాదు. సాయంకాలము బడి విడిచిన పిమ్మట ఆ పండితుడు ఒక పాదము పాడి ఆగవలెను. ఆ స్వరము ఏ మెట్టున నున్నదో పిల్లవాడు వెదకుచుండగా తొందరపెట్టక వేచియుండవలెను.