మెట్లదారి మూసిన మేడలు

2023వ సంవత్సరము మార్చి 16వ తేది సాయంకాలమున సికింద్రాబాదులోని స్వప్నలోక్ కాంప్లెక్సు అను వాణిజ్యభవనపు అయిదవ అంతస్తున నిప్పు రగిలెను. ఆఱుగురు యువతీయువకులు మరణించిరి. వరంగల్లు, మహబూబాబాదు, ఖమ్మము జిల్లాలనుండి బ్రతుకుదెరువు వెదకుకొనుచు నగరము చేరినవారు. తమ సంపాదనలో నింత యింటికి పంపుట కప్పుడప్పుడే మొదలిడిన వయస్సువారు. వారిని చంపినది జ్వాల కాదు, పొగ. వెలుపల వీథిలో అగ్నిమాపక శకటములు నిలిచియుండగా లోపల దారి కానక, ఊపిరాడక పోయిరి.

అంతకు ఆఱు నెలల నాలుగు దినములకు మున్ను, 2022 సెప్టెంబరు 12వ తేది రాత్రి, అదే పట్టణమున రూబీ హోటలు మేడలో ఎనమండుగురు పోయిరి. నడుమ 2023 జనవరి 19వ తేదిని మినిస్టరు రోడ్డులోని డెక్కన్ మాలు తగులబడినప్పుడు గుజరాతునుండి పొట్టకూటికి వచ్చిన మువ్వురు పనివారు మరల వెలికి రాలేదు. ఒక్క పట్టణము, ఇంచుమించుగ ఒక్క అరసంవత్సరము, మూడు మేడలు. దీనిని మనవారు దైవికమనుచున్నారు. దైవమునకు సికింద్రాబాదుపై నింత పగ యేల?

ఇది దైవికమని మేము ఒప్పుకొనజాలము. ఈ మరణములు కట్టబడినవి. ఇటుకపై నిటుక పేర్చి మేడ కట్టినట్లే, తలుపుపై తాళము, మెట్లపై మూటలు, అనుమతిపై లంచము పేర్చి ఈ మరణములను గూడ కట్టిరి.

నేటి ఎత్తైన వ్యాపారభవనము రెండు యంత్రములపై నాధారపడి నిలిచియున్నది: మనుష్యుని పైకి మోయు లిఫ్టు, గాలిని చల్లార్చు ఎయిర్ కండిషనింగు. మొదటిదాని చరిత్ర చదువదగినది. 1854లో న్యూయార్కు ప్రదర్శనశాలయందు ఎలిషా ఓటిస్ అను నాతడు త్రాటికి వ్రేలాడు బల్లపై నెక్కి నిలిచి, జనులందఱు చూచుచుండగా ఆ త్రాటిని గొడ్డలితో నఱకించెను. బల్ల క్రింద బడలేదు. త్రాడు తెగిన క్షణమున ప్రక్కకమ్ములను కఱచి పట్టుకొను ఏర్పాటు నాతడు కూర్చియుండెను. త్రాటితో బరువులెత్తుట లోకమున కంతకుముందే తెలియును. తాడు తెగినచో నేమి యను ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరకినపిదపనే జనులు ధైర్యముతో లిఫ్టు నెక్కిరి. మనము ఆ యంత్రమును కొని తెచ్చుకొంటిమి. ఆ ప్రశ్నను మాత్రము ఓడరేవులోనే దింపి వచ్చితిమి.

లిఫ్టు తిరుగు బావిని చూడుడు. నేలమాళిగనుండి మిద్దెవఱకు నిట్టనిలువున సాగిన ఆ గుంట, నిప్పు పుట్టిన గడియలో మంచి పొగగొట్టమగును. వేడెక్కిన వాయువు తేలిక, పైకి పరువెత్తును, పరువెత్తుచు క్రిందినుండి మఱింత గాలిని లాగుకొనును. విద్యుత్తు పోయినచో పెట్టె రెండంతస్తుల నడుమ నిలిచిపోవును. అందలివారు పొగగొట్టమున చిక్కినవారే. విద్యుత్తు పోకున్నను, పెట్టె నిప్పున్న అంతస్తుననే ఆగి తలుపు తెఱచుకొనవచ్చును. కావుననే అగ్నిసమయమున లిఫ్టు నెక్కరాదని లోకమంతట వ్రాసిపెట్టుదురు. మన భవనములయందును ఆ పలక కలదు. లిఫ్టు నెక్కవద్దు, మెట్లు దిగుమని ఆ పలక చెప్పుచున్నది. మెట్లదారి యెక్కడ?

మెట్లదారిలో అట్టపెట్టెలున్నవి. విఱిగిన కుర్చీలున్నవి. అయిదవ అంతస్తువాని జనరేటరున్నది, మూడవ అంతస్తువాని టీ పొయ్యి యున్నది. రాత్రియైనచో ఇనుపకటకటాల తలుపు, దానికి తాళము, ఆ తాళపుచెవి కాపలావాని మొలత్రాటికి. కాపలావాడు భోజనమునకు పోయియుండును.

రూబీ హోటలు కథ దీనికి చక్కని వ్యాఖ్యానము. క్రింద విద్యుత్ స్కూటర్ల దుకాణము. పైన బాటసారులు నిదురించు వసతిగదులు. నిప్పు క్రింద పుట్టెను. పొగ మెట్లదారిని పట్టుకొని పైకి పోయెను. దిగవలసినవారికిని ఎక్కుచున్న పొగకును దారి యొక్కటియే! స్కూటర్లలోని లిథియం బ్యాటరీ ఒకమాఱు రగిలినచో నీటికి సులభముగా లొంగదు, విషవాయువులను గ్రక్కును. అట్టి సరకును నిదురించు మనుష్యుల క్రింద పేర్చుట యెవ్వరి బుద్ధి? సెల్లారు వాహనములు నిలుపుటకని పటములో చూపి, కట్టినపిదప దుకాణముగను గోదాముగను మార్చుట మన పట్టణములలో నొక శాస్త్రముగ వర్ధిల్లినది. పటము గీసినవానికి తెలియును, ముద్ర వేసినవానికి తెలియును, అద్దె పుచ్చుకొనువానికి తెలియును. గదిలో నిదురించువాని కొక్కనికే తెలియదు.

ఇక చలువగాలి సంగతి. 1902లో బ్రూక్లినులోని యొక అచ్చుకూటమున గాలియందలి తేమవలన కాగితము సాగి రంగులు చెదరుచుండగా, విల్లిస్ కారియరు దానిని అదుపుచేయు యంత్రమును కూర్చెను. కాగితముకొఱకు పుట్టిన ఆ చలువ మనుష్యునికి సుఖమిచ్చుచున్నది. మండువేసవిలో దానిని దూషించుటకు మాకును నోరు రాదు. కాని చలువగాలి నిలువవలెనన్న గవాక్షములు మూయవలెను. గోడలకు బదులు అద్దములు బిగించిరి. తెఱచుకొనని అద్దము లోపలి చలువను పోనీయదు. లోపలి పొగనుగూడ పోనీయదు. గదిగదికి గాలిని పంచు గొట్టములు, నడుమ నడ్డులేనిచో, పొగనుగూడ అంతే శ్రద్ధతో గదిగదికి పంచును.

ఈ మాట ఊహ కాదు. 2011 డిసెంబరు 9వ తేది తెల్లవాఱుజామున కలకత్తాలోని ఆమ్రీ ఆస్పత్రి నేలమాళిగలో నిప్పు పుట్టెను. వాహనములు నిలుపవలసినచోట దహించు వస్తువులు పేర్చియుండిరి. పొగ గొట్టములగుండ, నిలువుగుంటలగుండ పైయంతస్తుల కెక్కెను. అద్దములు బిగించిన మేడ. మంచముపై లేవలేని రోగులు. తొంబదిమందికి మించి ప్రాణములు గోల్పోయిరి. ఆ ఆస్పత్రి గోడ కానుకొని పేదవారి పేట యొకటి కలదు. పొగను ముందుగా చూచి పరువెత్తుకొని వచ్చినవారు ఆ పేటవాసులు. కాపలావారు వారిని ద్వారమువద్దనే వెనుకకు త్రిప్పిరి. పిదప వారే గోడలెక్కి, అద్దములు పగులగొట్టి, రోగులను వీపులపై మోసి దింపిరి. స్వరాజ్యమున కర్హులెవరని ఒకనాడు దొరలు మనలను ప్రశ్నించిరిగదా! ఆ వేకువ పేటవారే దానికి జవాబు చెప్పిరి.

అడ్డులేనిచో అంటిమి. అడ్డు కలదు. గోడ దాటుచోటులందెల్ల గొట్టములోపల వేడిమికి తనంత మూసికొను ఱెక్క — డాంపరు — అమర్చుట సులభము. పొగను పసిగట్టినతోడనే గాలియంత్రమును ఆపివేయు తీగ కలుపుటయు సులభమే. మెట్లదారిలోనికి పంకాతో శుద్ధవాయువును నెట్టి, అక్కడి ఒత్తిడిని కొంచెము హెచ్చించినచో, తలుపు తెఱచినప్పుడు గాలి వెలికి వీచునుగాని పొగ లోనికి చొరదు. లోకప్పులో అమర్చిన స్ప్రింక్లరు గాజుబుడ్డి 68 డిగ్రీల వేడిమికి పగిలి, ఎవ్వరి యానతికిని కాచుకొనక నీరు చల్లును. అగ్నిమాపకులకు ప్రత్యేకముగ లిఫ్టు, దానికి వేఱు విద్యుత్తు. ఇవియన్నియు 2016నాటి జాతీయ భవననిర్మాణ సంహిత నాలుగవ భాగమున వ్రాయబడియున్నవి. జ్ఞానము కొఱత కాదు. మన యింజనీర్లు ఇవి చదివి పరీక్ష లుత్తీర్ణులైనవారే.

కొన్ని భవనములలో ఇవి యున్నవి గూడ. ఉండి యేమి? తనంత మూసికొనవలసిన అగ్నినిరోధక ద్వారము క్రింద చెక్కముక్క దోపి తెఱచియుంచుదురు, గాలి వచ్చునని. గంట ఊరక మ్రోగుచున్నదని దాని తీగ పెఱికివేయుదురు. నీటిపంపు మీట ఆపివేయబడియుండును. ఎఱ్ఱరంగు పూసిన గొట్టములు గోడపొడవున సాగియుండును. త్రిప్పిచూచినచో గాలి బుసకొట్టును. ఇది దేవుడులేని గుడి.

శాసనము సంగతి యేమందురా? 1999నాటి అగ్నిమాపక సేవాశాసనము ప్రకారము వాణిజ్యభవనము 15 మీటర్లు దాటినచో అగ్నిమాపక శాఖవారి నిరాక్షేపణ పత్రము పొందవలెను. మంచిదే. కాని వెంటనే, పటముపై 15 మీటర్లకు ఒక జానెడు తక్కువగ కట్టు విద్య పుట్టెను. పొగకు కొలబద్ద తెలియదు. రెండవ అంతస్తున చిక్కిన మనుష్యుని ఊపిరితిత్తులు పదవ అంతస్తువాని ఊపిరితిత్తులకంటె గట్టివి కావు. 2025 మే 18వ తేదిని చార్మినారు చెంత గుల్జారు హౌజులో 17 మంది, అందు పసిబిడ్డ లెనమండుగురు, ఒక్క కుటుంబపువారు పోయినది ఆకాశహర్మ్యమున కాదు. క్రింద దుకాణములు, పైన కాపురమును గల పాతకాలపు మేడలో, ఇరుకైన ఒక్క దారివలన.

శాసనమును మీఱినవానికి మన ప్రభుత్వములు చూపిన దారి యింకను విచిత్రము. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమునను, మఱల 2015లో తెలంగాణమునను, అనుమతి మీఱిన కట్టడములను రుసుము గైకొని క్రమబద్ధము చేయు పథకములు వెలువడెను. ఖజానాకు ధనము చేరును, యజమానికి కాగితము చేరును. మేము ఒక్కటి యడుగుచున్నాము: రుసుము చెల్లించినమాత్రమున ఇరుకుమెట్లు వెడల్పగునా? లేని రెండవ మెట్లదారి మొలచునా? పొగను క్రమబద్ధము చేయు అధికారి యెవడైన నున్నచో వాని పేరు ప్రకటించిన సంతసింతుము.

వర్తకులు మాకు చెప్పు సమాధానము వింటిమి. మెట్ల తలుపు తెఱచియుంచినచో దొంగలు వత్తురట. ఈ సమాధానము క్రొత్తది కాదు. 1911 మార్చి 25వ తేదిని న్యూయార్కులో ట్రయాంగిల్ అను చొక్కాల కర్మాగారము తగులబడెను. అది పదియంతస్తుల మేడ. పై మూడంతస్తులలో కర్మాగారము. పనిచేయువారు హెచ్చుమంది వలసవచ్చిన యిటలీ, యూదు బాలికలు. పనివారు బట్టముక్కలు దొంగిలింతురేమోయని ఒక మెట్లదారి తలుపునకు తాళము వేసియుండిరి. 146 మంది మరణించిరి. అనేకులు గవాక్షములనుండి దుమికి. లిఫ్టు నడుపువారు మాత్రము పొగలోనికి మరల మరల పెట్టెను పైకి తీసికొనిపోయి ఎందఱనో దింపిరి. యజమానులు న్యాయస్థానమున నిర్దోషులుగ వెడలిరి. కాని ఆ నగరము ఊరకుండలేదు. వీథులు నిండ ఊరేగింపులు సాగెను. అదే యేడు విచారణసంఘ మేర్పడెను. కర్మాగారమునకు కర్మాగారము తిరిగి చూచిరి. రెండుమూడేండ్లలో తలుపులను గూర్చి, మెట్లను గూర్చి, స్ప్రింక్లర్లను గూర్చి శాసనములు వరుసగ వచ్చెను. దొంగభయమునకు గూడ విరుగుడు నూఱేండ్లనుండి యున్నది: లోపలినుండి త్రోసిన తెఱచుకొనుచు, వెలుపలినుండి తెఱవరాని తలుపు. స్వప్నలోక్ మృతులలో నొక్కొక్కరి కుటుంబమునకు ప్రభుత్వము అయిదేసి లక్షల రూపాయలు ప్రకటించెను. అట్టి తలుపు వెల అందులో నెన్నవ వంతో వర్తకులే లెక్కకట్టవచ్చును.

మృతుల పట్టికను మఱియొకమాఱు చూడుడు. 2022 మార్చి 23వ తేదిని బోయిగూడ తుక్కుగోదాములో పైన నిదురించుచు పోయిన 11 మంది బిహారు కూలీలు; గుజరాతు పనివారు; వరంగల్లు పిల్లలు; ఏ యూరినుండియో వచ్చి ఒక రాత్రికి గది పుచ్చుకొన్న బాటసారులు. మేడ యజమాని పేరు ఈ పట్టికలలో కానరాదు. వీరికి ఓట్లు ఇచ్చట లేవు, సంఘములు లేవు. నగరము వీరిచేత పనిచేయించుకొన్నది. దారి మాత్రము చూపలేదు.

కాబట్టి మేము కోరునది దుర్ఘటన మఱునాటి పరామర్శ కాదు. మెట్లదారికి తాళము వేయుట, దానిలో సరకు పేర్చుట, నిప్పు రగులకమునుపే నేరముగ నెంచి ఆ దినముననే దుకాణము మూయింపవలెను. ప్రతి వాణిజ్యభవనపు ముఖద్వారమున తెలుగులో నొక పలక వ్రేలాడవలెను: తుది తనిఖీ యెన్నడు జరిగినది, ఏ యుద్యోగి చేసెను, పంపు నడచినదా, మెట్లదారు లెన్ని, జనులను దింపిచూచు అభ్యాసము తుదకెన్నడు జరిగినది. తనిఖీపత్రములను బీరువాలలో దాచక నగరపాలక సంస్థలు అందఱకు చదువనీయవలెను. సెల్లారును గోదాముగ మార్చినవానిపై రుసుము కాదు, సరకు జప్తు.

ప్రభుత్వము చేయువఱకు చదువరులు కాచుకొననక్కఱలేదు. ఈ పత్రిక చదువు ప్రతి గుమాస్తాయు, ప్రతి అంగడి యజమానియు, తాను పనిచేయు మేడలో ఈ వారము ఒక దినమున లిఫ్టును విడిచి మెట్లవెంట నేలవఱకు దిగివలెను. చీకటి పడినపిదప దిగినచో మఱియు మంచిది. త్రోవలో తగిలిన పెట్టెలను లెక్కపెట్టవలెను, మూసియున్న తలుపులను గుర్తింపవలెను. ఆ లెక్కను భవనపు పేరుతో, తేదితో వ్రాసి అగ్నిమాపక శాఖవారికి నొక ప్రతి, మాకు నొక ప్రతి పంపుడు. శాఖవారు ఏమి చేసినదియు, ఏమియు చేయనిచో అదియు, రాబోవు సంచికలయందు భవనమువారీగ ప్రకటింతుము.