పసిబిడ్డలతో రైలుప్రయాణము

వేసవి సెలవులలో సికింద్రాబాదునుండి విశాఖపట్టణమునకు బయలుదేరు తల్లి పెట్టె సర్దుటకు రెండు దినములు వెచ్చించును. చేతిసంచిని బండివేళకు గాని తలంపదు. సోదరీమణులారా, దారిలో బిడ్డకు అక్కఱకు వచ్చునది ఆ సంచియే. పెట్టె బెర్తుక్రింద చేరినపిమ్మట రాత్రివేళ దానిని తెఱచుట యెవరితరము?

సంచిలో మొదట కాచి చల్లార్చిన నీరుండవలెను. ఆఱు నెలలు నిండని శిశువునకు తల్లిపాలే చాలును. ఎంత యెండయైనను వేఱుగా నీరు పట్టనక్కఱలేదు. ఓ.ఆర్.ఎస్. పొట్లములు రెండు తప్పక ఉంచుకొనుడు. విరేచనములు పట్టుకొన్నపుడు, ఒక లీటరునకని వ్రాసియున్న పొట్లమును లీటరు నీటిలోనే మొత్తము కలిపి, కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. గ్లాసెడు నీటిలో ఇంచుక పొడి వేసి యిచ్చువారు కలరు. ఉప్పుపాళ్లు తప్పి అది కీడు చేయవచ్చును. కలిపిన నీరు 24 గంటలు దాటినచో పాఱబోయుడు. బిడ్డ మగతగానుండి త్రాగలేకున్నచో ఊరు చేరువఱకు ఓర్చుట తగదు. 139 సంఖ్యకు ఫోను చేసి వైద్యసహాయము కోరవలెను.

ఇక జంతికలు, అరిసెలు పెద్దలకొఱకే; పసివారికి ఇడ్లీలును అరటిపండ్లును మేలు. పాత నూలుచీర యొకటి మడచి పైన పెట్టుకొనుడు. అది పఱుపగును, దుప్పటియగును, చనుబాలిచ్చునపుడు మఱుగును అగును.