నకలుకూ ఒక జాతకం ఉంది

కౌబాయ్ సినిమా చూసివచ్చిన పిల్లవాడికి పొడుగు గొట్టం రివాల్వరు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. వాటిలో పాతరకానికి తూటాలుండవు. సిలిండరులోని ఒక్కొక్క గదిలో ముందువైపు నుంచి మందు పోసి, సీసపు గుండు కూరి, వెనకవైపు చిన్న రాగి టోపీ తొడగాలి. సుత్తి ఆ టోపీమీద పడితే నిప్పు పుట్టి మందు అంటుకుంటుంది. దీపావళికి మన పిల్లలు పేల్చే కేపుకు అది పెద్దన్న అన్నమాట.

1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధానికి నూరేళ్ళు నిండవచ్చేసరికి, ఆనాటి రివాల్వర్లమీద అక్కడివాళ్ళకు మోజు పెరిగింది. అసలువి అరుదు, ఖరీదు కూడాను. ఇటలీలో బ్రెషియా ప్రాంతపు పనివాళ్ళు నకళ్ళు చెయ్యసాగారు. ఆల్డో ఉబెర్తి 1959లో కర్మాగారం పెట్టాడు. పియెట్టా వంటివారూ వచ్చారు. తమాషా ఏమిటంటే, 1971లో కోల్ట్ కంపెనీయే ఇటలీ భాగాలతో తన పాత రివాల్వరును మళ్ళీ తయారుచేసింది! సేకరించేవాళ్ళు వాటిని "రెండో తరం" అంటారు.

మరి ఇన్నిటిలో ఏది ఏ జాతిదో పోల్చడం ఎలా? పేరును నమ్మి లాభం లేదు. రెమింగ్టన్ రివాల్వరును అందరూ "1858" అంటారు. అది పేటెంటు పుచ్చుకున్న సంవత్సరం. ఎక్కువగా నకలు తీసే రకం తయారీ మొదలైంది 1863లో. చీరను అంచు చూసి గద్వాలదో వెంకటగిరిదో చెప్పినట్టు, దీన్నీ ఒంటిమీది గుర్తులు చూసే చెప్పాలి.

సిలిండరు పైన ఉక్కు పట్టీ ఉంటే రెమింగ్టన్. ఏమీ లేక బోసిగా ఉంటే కోల్ట్. కోల్ట్‌లలో ఎనిమిది పలకల గొట్టం, 36 కాలిబరు అయితే 1851 నేవీ. గుండ్రటి గొట్టం, 44 కాలిబరు, ముందువైపు లావెక్కిన సిలిండరు అయితే 1860 ఆర్మీ. రెంటి సిలిండరుమీదా 1843లో టెక్సాస్, మెక్సికో ఓడలు చేసిన యుద్ధం చెక్కి ఉంటుంది.

ఇక చట్రం. నేవీకి పిడి పట్టీ ఇత్తడిదే గాని చట్రం ఇత్తడిది కాదు. యుద్ధకాలంలో దక్షిణాదివాళ్ళు జార్జియాలో ఇత్తడి చట్రంతో 36 కాలిబరువి చేశారు. కాని ఈనాడు దొరికే ఇత్తడి చట్రపు 44 కాలిబరు "నేవీ"ని కోల్ట్ ఎన్నడూ చెయ్యలేదు. అది నకలు కాదు, కల్పన. పైగా ఇత్తడి మెత్తన. మందు దట్టించి పేలిస్తే చట్రం సాగుతుంది.

వయస్సు తెలియాలంటే ఇటలీ ప్రభుత్వపు పరీక్ష ముద్ర చూడాలి. చిన్న గడిలో రెండక్షరాలుంటాయి. "ఏఏ" అంటే 1975, "ఏబీ" అంటే 1976. అదే దాని జాతకం.

ఆ జాతకాన్ని ఆకురాయితో అరగదీసి, మందులు పూసి తుప్పు పట్టించి, ముత్తాతగారి ఆస్తి అని పదింతలకు అమ్మే ప్రబుద్ధులు లేకపోలేదు. నకలు నకలునని చెప్పుకున్నంతకాలం దానికీ మర్యాద ఉంది. ముద్ర ఉండవలసినచోట మరీ నున్నగా కనిపిస్తే మాత్రం, కొనేవాడు డబ్బు జేబులోనే ఉంచుకోవడం మేలు.