నల్ల గుడ్డు పేరుతో నిలువు దోపిడీ

కడక్‌నాథ్ కోడి గుడ్డు నల్లగా ఉండదు. లేత గోధుమ రంగులో ఉంటుంది. తోలు, మాంసం, ఎముక నలుపే కానీ పెంకుకు ఆ నలుపు రాదు. అయినా సెల్‌ఫోన్‌లో బొగ్గులాంటి గుడ్డు ఫొటో చూపించి, "పిల్లలు మావి, మేపు మీది, గుడ్డూ కోడీ మేమే కొంటాం" అంటూ ఏజెంట్లు ఊళ్లమీద పడ్డారు. ముదురు చాక్లెట్ రంగు గుడ్డు పెట్టే కోడి ఫ్రాన్స్‌లో ఉంది, మరాన్ అంటారు. ఆ రంగూ పెంకు మీది పూతే, లోపలి సొనకు అదనపు బలమేమీ ఇవ్వదు.

కడక్‌నాథ్‌ను తప్పుపట్టడం లేదు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్ ఆదివాసులు కాలీమాసీ అని పిలుచుకుంటూ పెరట్లో కాపాడుకొచ్చిన జాతి అది. 2018లో ఝాబువా కడక్‌నాథ్ మాంసానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ధోనీ పిల్లలకు ఆర్డరిచ్చాడని పేపర్లో పడ్డాక గిరాకీ ఇంకా పెరిగింది. ఏజెంటు సగం మాటలు ఆ వార్తే!

అతను చెప్పని లెక్క మేం చెబుతాం. ఈ పెట్ట ఏడాదికి పెట్టేది నూరు గుడ్లు, అటూఇటూగా. ఫారం లేయరు 300 పెడుతుంది. ఐదు నెలలు మేపినా కిలో తూగడం కష్టం. పైగా సరిగా పొదగదు, గుడ్లను నాటు పెట్ట కింద వేయాలి, లేదా ఇంక్యుబేటర్ కొనాలి. అంత మేత పెట్టాక కొనేవాడు రాకపోతే?

రాలేదు. 2019లో మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో ఇదే జరిగింది. తిరిగి కొంటామన్న కంపెనీ చేతులెత్తేస్తే వేలమంది మునిగారు. కడుపుమండినవాళ్లు ముఖ్యమంత్రి కాన్వాయ్ మీదికి కోళ్లు, గుడ్లు విసిరారు. మా సభ్యుల్లోనూ కొందరికి అదే అనుభవం. తెల్ల కాగితం మీద ఒప్పందం, మొదటి బ్యాచ్‌కు "బరువు చాలలేదు" అనే సాకు, ఆ తర్వాత ఫోను స్విచ్చాఫ్.

"రైతు అత్యాశకు పోయాడు" అనే అధికారులకు ఒక్క ప్రశ్న. వడ్లకు, పత్తికి పెట్టుబడి తిరిగొస్తుంటే ఎవడు నల్లకోడి వెంటపడతాడు?

తిరిగి కొంటామనే ప్రతి కంపెనీ కలెక్టరు దగ్గర డిపాజిట్ కట్టాకే ఊళ్లోకి రావాలి. పిల్లలను పశుసంవర్ధక శాఖే అమ్మాలి. అప్పటిదాకా సభ్యులెవరూ సంతకం పెట్టొద్దు. ఇప్పటికే పెట్టినవారు ఆ కాగితం జిరాక్సు తీసుకుని మండల కమిటీకి ఇవ్వండి.