పేరులో పర్వతం, ఊరేమో పల్లం

సూరత్ తూర్పు భాగంలోని పర్వత్ పాటియాలో కొండ కోసం వెతకడం దండగ. తపతి నది మేట వేసిన చదును నేల అది. కనిపించేవి చీరల దుకాణాలు, బట్టల మూటలతో పరుగెత్తే టెంపోలు. గుజరాతీ, హిందీ, మరాఠీల మధ్య తెలుగూ వినిపిస్తుంది.

సూరత్‌కు బయటివారు రావడం కొత్త కాదు. మొఘలుల కాలంలో హజ్ యాత్రికులు ఓడ ఎక్కిందీ, 1613లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం పెట్టిందీ ఇక్కడే. శివాజీ 1664లో ఒకసారి, 1670లో మరోసారి నగరాన్ని కొల్లగొట్టాడు. ఆనక బొంబాయి ఎదిగింది, సూరత్ రేవు వెలవెలబోయింది. ఓడలతో పోయిన సిరి వజ్రాల సానలతో, మరమగ్గాలతో తిరిగొచ్చింది.

ఆ మగ్గాలను నమ్ముకునే కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు పద్మశాలీలు తరలివచ్చారు. సొంతూళ్లో చేనేతను దెబ్బతీసిన మరమగ్గం దగ్గరే ఇక్కడ కూలీలయ్యారు. ఆడవాళ్లు ఇళ్లలో చీరలకు లేసులు కుడతారు, రాళ్లు అతుకుతారు. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు తెరిచింది.

1994లో ప్లేగు భయంతో లక్షలాది మంది ఊరొదిలారు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీరు నగరాన్ని ముంచింది. రెండుసార్లూ సూరత్ తేరుకుంది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తోపాటు మొదటి స్థానమూ అందుకుంది. అయినా గట్టి వాన పడితే మీఠీ ఖాడీ పొంగి లింబాయత్, పర్వత్ పాటియా వీధుల్లోకి వస్తుంది. దేశానికి చీరలు పంపే నగరం, వాటిని నేసేవారి గడప తడవకుండా చూడటం మాత్రం ఇంకా బాకీయే.