గృహవిజ్ఞానము: చుక్కలు తప్పిన పాట



పాత టేపులలోని పెద్దల కంఠములను నేడు పలువురు కంప్యూటరునందు చేర్పించి భద్రపఱచుకొనుచున్నారు. మంచిపనియే. కాని అందొక చిన్న పొరపాటు దొరలినచో ఎంత నష్టము వాటిల్లునో మాయింట జరిగిన సంగతివలన తెలిసికొంటిని. మీకును ఉపకరించునని వ్రాయుచున్నాను.

కీర్తిశేషురాలైన మా అత్తగారు పాడిన మంగళహారతి ఒక క్యాసెట్టులో నుండెను. దానిని ఒక దుకాణమున నిచ్చి ఫైలుగా మార్పించితిమి. ఇంటికి తెచ్చి వినగా మా అమ్మాయి, "అమ్మా! ఇది మామ్మ గొంతు కాదే" యనెను. ఆమె ఎల్లపుడును అయిదు శ్రుతిలో పాడెడివారు. శ్రుతిపెట్టె పెట్టి చూడగా పాట అయిదున్నరకును ఆఱుకును నడుమ నిలిచినది. క్యాసెట్టులో 5 నిమిషములు పట్టు హారతి, ఫైలులో 4 నిమిషముల 36 సెకనులకే ముగిసెను.

కారణ మిది. శబ్దము గాలిలో కలుగు అలల వరుస. సంక్రాంతి ముగ్గునకు మనము చుక్కలు పెట్టునట్లు, కంప్యూటరు ఆ అలపై సెకనునకు ఇన్ని చుక్కలని పెట్టి, ఒక్కొక్క చుక్క ఎత్తును అంకెగా వ్రాసికొనును. వినిపించునపుడు ఆ చుక్కలను కలిపి మరల గీత గీయును. ఈ చుక్కల సంఖ్యనే శాంపిల్ రేటందురు. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కునందు సెకనునకు 44,100 చుక్కలు. వీడియోలతోడి ధ్వనికి సాధారణముగా 48,000. మనుష్యుని చెవి సెకనునకు సుమారు 20,000 కంపనములవఱకే వినగలదు. అందుకు రెట్టింపునకు మించిన చుక్కలున్న చాలును గనుక, 44,100 మన పాటలకు సరిపోవును.

మా ఫైలునందు 44,100 చొప్పున పెట్టిన చుక్కలకు 48,000 అను చీటి తగిలించిరి. అందుచే ప్లేయరు తొందరగా చదివి పాటను పరుగెత్తించి, శ్రుతిని సుమారు ఒకటిన్నర స్వరస్థానము పైకెత్తినది.

మావారు మొదట 'రీసాంపిల్' అనుదానిని నొక్కి 44,100 చేసిరి. గొంతు మాఱలేదు! ఏలయనగా, రీసాంపిలు చేయుట యనగా వినబడుచున్న పాటనే వేఱు సంఖ్యగల చుక్కలపై తిరిగి గీయుట. అందు శ్రుతిగాని కాలముగాని మాఱరాదు. తప్పు చీటిలో నున్నది కాని గీతలో లేదు. పిమ్మట మొదటి ఫైలునే ఆడాసిటీ అను సాఫ్టువేరునందు తెఱచి, ఆ పాటకు చెందిన జాబితాలోని 'రేట్'ను మాత్రము 44,100గా దిద్దగా, హారతికి మరల 5 నిమిషములు పట్టినది. మామ్మ అయిదు శ్రుతిలో పలికినది. మా అమ్మాయి ప్రక్కన గూర్చుండి తానును గొంతు కలిపినది.

కావున ఈ జాగ్రత్తలు పాటింపుడు. మూలప్రతిని వేవ్ గాని ఫ్లాక్ గాని చేసి దాచుకొనవలెను. వేవ్ అయినచో నిమిషమునకు సుమారు 10 మెగాబైట్లు పట్టును. ఫ్లాక్ అంతకంటె తక్కువ చోటు తీసికొనియు ఏమియు పోగొట్టదు. ఎంపీ3 చోటును మిగుల్చును గాని, చెవికి అంతగా తెలియదనుకొన్న భాగములను విడిచివేయును. విడిచినది మరల రాదు. అది ఫోనులో వినుటకు మాత్రమే. ఎంపీ3ని మరల ఫ్లాకుగా మార్చుటయు, 44,100ను 96,000 చేయుటయు, మజ్జిగను చిలికి వెన్న వెదకుట వంటివి. ప్లేయరు సెట్టింగులలో పాట యే రేటున నున్నదో ఆ రేటునే యుంచుడు. యంత్రము దానిని స్వీకరింపనపుడే రీసాంపిలును వినియోగింపుడు.

ద్రాక్షారామమున 1922లో జన్మించిన ఈమని శంకరశాస్త్రిగారి వీణను, శంకరగుప్తమున 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి గానమును మన పిల్లలు నేడు ఇట్టి ఫైళ్లవలననే వినవలసియున్నది. తప్పు చీటిగల నకలుతో సాధకము చేయు బాలిక, దోషము తన కంఠమునదే యనుకొని క్రుంగిపోవును. కావున క్రొత్త ఫైలు ఇంటికి రాగానే గడియారము చూచి, శ్రుతిపెట్టెతో సరిపోల్చుడు. అంతవఱకు పాత క్యాసెట్టును పారవేయకుడు. మేము పారవేసియుండినచో, ఆ గొంతు నిజముగా ఎట్లుండెడిదో మా పిల్లలకు చెప్పుటకు సాక్ష్య మేదియు మిగిలియుండెడిది కాదు.