లక్షణము చక్కగా చెప్పవలెను

కృత్రిమ మేధను గూర్చి మాటలాడునప్పుడు మనవారు సాధారణముగా రెండు విషయములనే తలంతురు. అది ఉద్యోగములను హరించునా? విద్యార్థుల వ్యాసములను తానే వ్రాసి పెట్టునా? భాషోపాధ్యాయునకు ఇంకను దగ్గరైన మూడవ విషయ మొకటి కలదు. ఆ యంత్రము ఏ పనిముట్టును ఎప్పుడు చేపట్టవలెనో నిర్ణయించునది ఒక చిన్న గద్యఖండము. ఆ గద్యము చెడినచో పనియు చెడును.

దాని తీరు ఇట్టిది. అడిగిన ప్రశ్నకు బదులు చెప్పుటతో నిలువక, మన పక్షమున పనులు చక్కబెట్టు కృత్రిమ మేధను ఏఐ ఏజెంటు అనుచున్నారు. పత్రములను వెదకుటకు ఒకటి, ఉత్తరములు పంపుటకు ఒకటి, లెక్కలు కట్టుటకు ఒకటి, ఇట్లు దానికి వేర్వేరు సాధనముల నమర్తురు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ వెలువరించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ఇట్టి అమరికకు ఒక ఉమ్మడి పద్ధతి నేర్పరచినది. ఏజెంటునకు ముందుగా అందునవి ముఖ్యముగా మూడు: సాధనము పేరు, దానిని వర్ణించు కొద్ది వాక్యములు, దానికి ఈయవలసిన వివరముల పట్టిక. సాధనము లోపలి నిర్మాణము దానికి కనబడదు. బీరువాలో నేమున్నదో తెలియదు. ఆ వాక్యములను చదివియే తలుపు తట్టవలెనా, మానవలెనా యని అది నిశ్చయించుకొనును.

ఒక వస్తువును మాటలతో గుర్తింపజేయుటను మన తార్కికులు లక్షణము చెప్పుట యనిరి. దానికి మూడు దోషములను చూపిరి. తర్కసంగ్రహకర్తయైన అన్నంభట్టు తన దీపికలో ఆవునే ఉదాహరణముగా గైకొనెను. కపిలవర్ణము కలది ఆవు అన్నచో తెల్లని ఆవు వెలియైపోవును, ఇది అవ్యాప్తి. కొమ్ములు కలది ఆవు అన్నచో గేదెయు లోనికి వచ్చును, ఇది అతివ్యాప్తి. చీలని ఒంటి గిట్ట కలది ఆవు అన్నచో ఏ ఆవునకును అది చెందదు, ఇది అసంభవము.

ఈ మూడును నేటి సాధన వర్ణనలకు అక్షరాల చెల్లును. ఒక పాఠశాల కార్యాలయము తనకు వచ్చిన ప్రభుత్వోత్తర్వులను, పరీక్షల సర్క్యులర్లను, ఉపకార వేతనముల నిబంధనలను ఒకచోట చేర్చి, వానిని వెదకు సాధనము నొకదానిని ఏర్పరచుకొన్న దనుకొందము. వర్ణనలో “పత్రములను వెదకును” అని మాత్రమే వ్రాసిరి. ఏ పత్రములు? పాఠ్యపుస్తకములోని సందేహమునకును ఏజెంటు ఇక్కడికే పరుగెత్తును. ఇది అతివ్యాప్తి. “పరీక్షల సర్క్యులర్లను వెదకును” అని వ్రాసిరి. ఉపకార వేతనమును గూర్చి అడిగిన బాలునికి ఏజెంటు ఆ బీరువాను తెరవకయే, తనకు తోచినది చెప్పి పంపవచ్చును. ఇది అవ్యాప్తి. “సంపూర్ణ పత్రము నిచ్చును” అని వ్రాసిరి. ఇచ్చునదో నాలుగు పంక్తుల తునుక. తరువాతి పుటలోని మినహాయింపును చూడకయే ఏజెంటు తీర్పు చెప్పును. ఇది అసంభవము. మన సామెతలో పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఇందు నష్టపడువాడు యంత్రమును నిర్మించినవాడు కాడు. గడువు దాటిపోయిన బాలుడు. నింద మాత్రము యంత్రముపై పడును, వాక్యముపై పడదు.

యంత్రములు నానాటికి తెలివి మీరుచున్నవి గదా, వర్ణన కొరవడినను అవియే ఊహించుకొనును గదా యని కొంద రందురు. ఊహకును హద్దు కలదు. వ్రాయనిదానిని తెలివి కనిపెట్టజాలదు. కనిపెట్టితి నని భ్రమింపవచ్చును. మరికొందరు వర్ణనను పుటలకొలది పెంచుదు మందురు. అదియు మందు కాదు. పదుల కొలది సాధనముల వర్ణనలను ఏజెంటు ఒక్కమారే ఎదుట నుంచుకొని చదువవలెను. వాగాడంబరము పెరిగినకొలది ముఖ్యమైన మాట మరుగున పడును.

మరి ఎట్లు వ్రాయవలెను? “ఈ పాఠశాలకు 2015 మొదలు వచ్చిన ప్రభుత్వోత్తర్వులు, పరీక్షల సర్క్యులర్లు, ఉపకార వేతనముల నిబంధనలు ఇందు కలవు. పాఠ్యపుస్తకములు లేవు. ప్రశ్నకు దగ్గరగా నున్న భాగములను మాత్రమే ఇచ్చును. పూర్తి పత్రమునకు దాని సంఖ్యతో మరల అడుగవలెను. ఏమియు దొరకనిచో ఈ సంపుటిలో లేదని మాత్రమే అర్థము.” ఇందు అలంకారము లేదు. కలదానిని కలదనియు, లేనిదానిని లేదనియు చెప్పినది. కడపటి వాక్యము మిక్కిలి విలువైనది. అది లేనిచో “నాకు దొరకలేదు” అను మాట “అట్టి ఉత్తర్వే లేదు” అను మాటగా మారిపోవును.

ఇట్టి వాక్యములను వ్రాయుట ఇంజనీర్ల పని యని మనము తొలగిపోరాదు. తిరిగి ప్రశ్నింపలేని పాఠకునకు వ్రాయుట అను విద్యను నేర్పవలసినవారము మనమే. ఉపాధ్యాయులు ఒక దినము వ్యాసరచనకు మారుగా, తమ పాఠశాల గ్రంథాలయమును నాలుగు వాక్యములలో వర్ణింపుడని పిల్లల నడుగవచ్చును. వ్రాసినదానిని ఎన్నడును ఆ గదిలో అడుగుపెట్టనివానికి చదివి వినిపింపవలెను. అచ్చట ఏమి దొరకునో, ఏమి దొరకదో అతడు చెప్పగలిగినచో ఆ పిల్లలకు లక్షణము చెప్పుట అలవడిన దని గ్రహింపవచ్చును.